రెండు తువ్వాలల దూరం

సోమవారం నాడు పదకొండో ఉత్తరం వచ్చిందనీ, దేవవ్వ సంబరంతో వాడకట్టంతా చక్కెర పంచిందనీ పోయిన వారం చెప్పుకున్నాం. చక్కెర తిన్నవాళ్ళంతా తిని మరిచిపోయారు. దేవవ్వ చిన్నకోడలు నర్మదకు మాత్రం ఆనాటి నుంచి కంటి మీద కునుకు లేదు.

పోయిన వారం పత్రిక ఎవరో అడిగి పట్టుకుపోయారనేవాళ్ళ కోసం నాలుగు ముక్కలు. సిరిసిల్ల సాలెవాడలో దేవవ్వకు ఇద్దరు కొడుకులు. పెద్దవాడు సాంబయ్యది తువ్వాలల మగ్గం, చిన్నవాడు లక్ష్మీరాజంది చీరల మగ్గం. మూడేళ్ళ కిందట లక్ష్మీరాజం బొంబాయి బట్టల మిల్లుకు పోయాడు. ఏడాది తిరిగేసరికి ఎవరో సేటు అతన్ని ఆఫ్రికాలో తన మిల్లుకు తీసుకుపోయాడనీ, నైరోబి అనే ఊళ్ళో ఉన్నాడనీ తెలిసింది. ఉత్తరాలు కరీంనగర్‌లో నూలు దుకాణానికి వస్తాయి. నూలుకు పోయినప్పుడు సాంబయ్య తెచ్చి చదివి వినిపిస్తాడు. నర్మదకు చదువు రాదు మరి.

చెన్నూరులో ఉన్న నర్మద తండ్రి అంతయ్యకు ఓపిక అయిపోయింది. శుక్రవారం వచ్చి కులపెద్దల ముందు కూర్చుంటాననీ, అల్లుడు వచ్చేదీ రానిదీ తేలకపోతే బిడ్డను తీసుకుపోయి మారుమనువు చేస్తాననీ మాట పంపాడు. లక్షెట్టిపేటలో సంబంధం కూడా చూసి పెట్టాడు. సరిగ్గా అప్పుడే, పిలిచినట్టుగా, పదకొండో ఉత్తరం వచ్చింది.

'నైరోబి అంటే ఎంత దూరమో అని పరేషాన్ గాకుండ్రి. బొంబాయిల విమానం ఎక్కి, రెండు తువ్వాలలు నేసినంత సేపు కూసుంటే నైరోబిల దిగుడే. వచ్చుడు గూడ గట్లనే. దసరాకు వస్త' అని ఉంది అందులో.

దేవవ్వకు 'దసరాకు వస్త' అన్న మాట చాలు. నర్మద చెవిలో మాత్రం రెండు తువ్వాలల మాట ముల్లులా దిగి ఉండిపోయింది.

గురువారం పొద్దున బడిగంట కొట్టకముందే ఆమె రామచంద్రం సారు ముందు నిలబడింది. ఈ సారుకు ఒక పిచ్చి ఉంది. ఎవరైనా వచ్చి తెలియనిది అడిగితే చాలు, పెళ్ళికి పిలిచినంత సంతోషపడతాడు.

"సారూ, నైరోబి ఏడుంటది?"

సారు బీరువా మీది గ్లోబు దించి, ధోవతి చెంగుతో దుమ్ము తుడిచాడు. "గిది బొంబాయి. గిది నైరోబి. నడుమ గీ నీలమంత సముద్రం."

నర్మద వంగి చూసింది. "గింతేనా?"

"గింతే అంటవేందమ్మా! గీ బంతి అంటే భూమండలమంత."

"మన హైద్రాబాద్ ఏది సారూ? ఆడికెల్లి బొంబాయికి విమానం పోతదంటరు గద, ఎంత సేపు పడ్తది?"

"మా బామ్మర్ది బేగంపేట విమానాల అడ్డల నౌకరి చేస్తడు. రెండు గంటలంటడు. ఎదురుగాలి ఉంటే జర ఎక్కువ."

రెండు గంటలను నర్మద చప్పున తువ్వాలల్లోకి మార్చుకుంది. వాళ్ళింట్లో గడియారం లేదు. సాంబయ్య పొద్దున్నే మగ్గం గుంటలోకి దిగితే పొద్దుగూకేసరికి ఐదు తువ్వాలలు దించుతాడు. తమ్ముడి మగ్గం ఆగినప్పటి నుంచి ఆ ఇంట్లో అన్నం ఉడకడమైనా, ఎవరికైనా జ్వరం దిగడమైనా, బస్సు రావడమైనా ఆ లెక్కనే. రెండు గంటలంటే దగ్గర దగ్గర ఒక తువ్వాల. అంటే బేగంపేట నుంచి బొంబాయికే ఒక తువ్వాల పడుతుందన్నమాట.

ఆమె నడుముకు చెక్కుకున్న నూలుపోగు తీసింది. సాలెవాళ్ళ ఆడవాళ్ళ దగ్గర ఇంకేం లేకపోయినా పోగు ఉంటుంది. హైదరాబాద్ మీద ఒక కొస పెట్టి, బొంబాయి దాకా లాగి, అక్కడ ముడి వేసింది. మళ్ళీ బొంబాయి నుంచి నైరోబి దాకా పోగును సముద్రం మీద పరిచి, అక్కడొక ముడి వేసింది. తర్వాత చిన్న కొలతతో పెద్ద కొలతను మడతలు పెడుతూ పోయింది. ఒకటి, రెండు, మూడు. ఏడు మడతలయ్యాక కూడా కొంచెం పోగు మిగిలింది.

సారుకు ఉత్సాహం ఆగలేదు. సుద్దముక్క తీసుకుని నల్లబల్ల మీద గుణించేశాడు. "ఏడుంబావు! దగ్గర దగ్గర రెండువేల ఎనిమిదివందల మైళ్ళు. శాబాష్ నర్మదా! నా పోరగాండ్లకు గీ తెలివి లేదు."

"అయితే ఏడు తువ్వాలలా సారూ? ఒక్క తువ్వాలకు రెండు గంటలాయె గద."

"గంత పట్టదు. సముద్రం దాటే విమానాలు పెద్దయి, జోరుగ పోతయి. అయినా నడుమ అరబ్బు దేశంల ఏడెన్ అనే ఊర్ల దిగి పెట్రోలు పోసుకోవాలె. ఎంత తక్కువేసుకున్నా తొమ్మిది గంటలు."

"రెండు తువ్వాలలల్ల పోదా?"

"రెండు తువ్వాలలకు సముద్రం నడిమిట్లనే ఉంటరమ్మా," అని సారు గట్టిగా నవ్వాడు. నవ్వుతూ ఆమె ముఖం చూశాడు. ఎందుకు అడుగుతోందో అప్పుడు తట్టింది పాపం. సుద్దముక్క కింద పెట్టేశాడు. "ఏమో బిడ్డా, విమానంల నిద్ర పట్టిందేమో. నిద్రల టైం తెల్వదు గద."

"మగ్గం మీద బతికినోడు తువ్వాల లెక్క తప్పుతడా సారూ," అంది నర్మద. పోగును జాగ్రత్తగా చుట్టి కొంగుకు ముడి వేసుకుని బయటికి నడిచింది.

ఇంటికి వచ్చేసరికి సాంబయ్య నాలుగో వంతు తువ్వాల మీద ఉన్నాడు. తోడికోడలు బాలలక్ష్మి బట్టలుతకడానికి వాగుకు పోయింది. చూపు మందగించిన దేవవ్వ గోడకు ఆనుకుని, రాట్నం మీద చేతి తడుముడుతోనే కండెలకు నూలు చుడుతోంది. పక్కనే లక్ష్మీరాజం చీరల మగ్గం, మూడేళ్ళుగా పాత దుప్పటి కప్పుకుని ఉంది.

"బావా, ఆ ఉత్తరం ఇంకోపారి సదువు."

సాంబయ్య అటూ ఇటూ ఉరికే నాడెను చేత్తో ఆపాడు. "గప్పుడే సదివితి గద నర్మదా."

"ఇంకోపారి ఇనాలనుంది."

గుంటలోంచే చెయ్యి చాచి, నెత్తి మీది చూరులోంచి ఉత్తరం తీసి చదివాడు. రెండు తువ్వాలల దగ్గరికి వచ్చేసరికి నర్మద ఆపమంది. కొంగుముడి విప్పి, పోగును మగ్గం మీది బట్టపై పరిచింది. "గిది బేగంపేట. గీ ముడి బొంబాయి. ఒక్క తువ్వాల. గీ రెండో ముడి నైరోబి. ఏడు కొలతలు వచ్చింది. ఎంత జోరు విమానమైనా నాలుగున్నర తువ్వాలలు పడ్తదని సారు చెప్పిండు. మరి రెండు తువ్వాలలల్ల ఎట్ల దిగిండు బావా?"

"విమానం సంగతి మనకేం తెలుస్తది? వాడు ఎక్కినోడు, వానికి ఎరుక!" సాంబయ్య గొంతు పెద్దదయింది. ఎనిమిదేళ్ళలో మరదలి మీద గొంతెత్తని మనిషి. "ఆ సారు లెక్క నీకు ఎక్కువైందా? నా తమ్ముని మాట తక్కువైందా?"

నర్మద బెదరలేదు. "నీ తమ్ముడు ఎన్నడన్న తువ్వాల నేసిండా బావా?"

సాంబయ్య ఉత్తరాన్ని గబగబా మడతపెట్టసాగాడు.

"ఆయనది చీరల మగ్గం. బజారుకు పొమ్మన్నా, బాయికి పొమ్మన్నా 'కొంగు నేసినంత సేపట్ల వస్త' అనెటోడు. పెండ్లయిన కాడికెల్లి గదే మాట. తువ్వాలల లెక్క గీ ఇంట్ల నీ మగ్గందే. గీ ఉత్తరం ఎవలు రాసిండ్రు?"

దేవవ్వ రాట్నం ఆగిపోయింది. ఆ ఇంట్లో పగటిపూట రాట్నమూ మగ్గమూ రెండూ ఒక్కసారే ఆగడం నర్మద ఎప్పుడూ ఎరగదు. మనసులో నాలుగు రోజులుగా అణిచిపెట్టుకున్న భయం ఇక దాగలేదు.

"ఉన్నడా, లేడా? గదొక్కటి చెప్పు. నేను పెట్టుకునే బొట్టు ఉన్నోని కోసమా, లేనోని కోసమా?"

"అయ్యో బిడ్డా, గంత మాట అనకు!" సాంబయ్య గుంటలోంచి గబగబా పైకి వచ్చేశాడు. "ఉన్నడు. మా అవ్వ మీద ఒట్టు, ఉన్నడు. ఉత్తరాలు రాసింది నేనే. పదకొండూ నేనే."

"మరి ఆయన ఏడున్నడు?"

సాంబయ్య తల దించుకున్నాడు. "ఆదిలాబాద్‌ల."

ఏడు కొలతల సముద్రం అవతల మనిషిని పెట్టుకుని రెండేళ్ళు బతికిన ఆడదానికి ఆ మాట ఎలా ఉంటుందో ఆలోచించండి. నర్మదకు ముందు నవ్వు వచ్చింది. ఆ తర్వాత అక్కడే నేల మీద కూర్చుండిపోయింది. "ఆదిలాబాద్... గీ మన ఆదిలాబాదా?"

అప్పుడు సాంబయ్య చెప్పుకొచ్చాడు. ఏడాదికే బొంబాయి మిల్లులో పని పోయింది. ఉత్తచేతులతో ఇంటికి రావడానికి మొహం చెల్లక లక్ష్మీరాజం ఆదిలాబాద్‌లో ఒక పత్తిమిల్లులో కుదిరాడు. నెల తిరగకముందే గింజ తీసే యంత్రంలో కుడిచెయ్యి మణికట్టు దాకా నలిగిపోయింది.

"కబురు తెలిసి దవఖానకు ఉరికిన. నన్ను చూసి మొగం గోడ దిక్కు తిప్పుకున్నడు. 'చేతులున్నోన్ని చేసుకున్నది అన్నా, చెయ్యి లేనోనితోని ఎట్ల బతుకుతది' అని ఒకటే ఏడుపు. బొంబాయిల ఉన్నడని చెప్త అన్న. 'బొంబాయంటే రైలెక్కి వస్తది, దాని సంగతి నీకు ఎరుక లేదు. బస్సు పోని దేశం చెప్పు, రైలు పోని దేశం చెప్పు. చూసి చూసి ఇసిగి యాష్టకొచ్చి వాళ్ళ బాపు ఎంట పోతది, మంచిగ బతుకుతది' అన్నడు. పక్క మంచం మీది మరాఠాయన తమ్ముడు నైరోబిల ఉన్నడట. గా పేరు ఆడ్నే ఇన్న."

"గంత దూరం పంపి, మల్ల రెండు తువ్వాలల దూరానికి ఎందుకు తెచ్చినవ్ బావా?"

సాంబయ్య కండువాతో కళ్ళు తుడుచుకున్నాడు. "నువ్వు పోతవని. రేపు మీ బాపు వస్తుండు. దూరమని రాస్తె పోతవ్, దగ్గరని రాస్తె ఉంటవ్ అనుకున్న. వాడు దూరం చెయ్యమన్నడు బిడ్డా, నాతోని గాలే. ఎంత దగ్గరని రాయాలెనో గూడ తెల్వలే. విమానం నేనేడ చూసిన? నాకు తెల్సింది తువ్వాలనే. ఒక్కటంటే నమ్మవని రెండని రాసిన."

నర్మదకు బావ మీద కోపం రావాలి. వచ్చింది కూడా. కానీ నలభై అయిదేళ్ళ మనిషి, పదకొండు ఉత్తరాలు ఒక్కడే కూర్చుని రాసుకున్న మనిషి, అలా పిల్లవాడిలా ఏడుస్తుంటే ఆ కోపం ఎక్కడ పెట్టాలో ఆమెకు తెలియలేదు.

ఇంతలో దేవవ్వ నోరు విప్పింది. "నా కొడుకు రాసింది గాదని మొదటి ఉత్తరం నాడే నాకు ఎరుక."

ఇద్దరూ తిరిగి చూశారు.

"అన్నం ముచ్చట లేకుంట వాడు ఉత్తరం రాస్తడా? 'అవ్వ తిన్నదా' అని అడగకుంట గడప దాటెటోడా? ఒక్క దాంట్ల గూడ గా మాట లేకపాయె. సాంబడే రాస్తుండని తెల్సి గూడ ఇన్న. అడిగితె ఏం చెప్తడో అని భయమయింది. ఏదో ఒకటి ఇనవడ్తుందిగదా అని చక్కెర పంచిన."

"మంచిగుంది!" నర్మద లేచి నిలబడింది. ఇప్పుడు కోపానికి చోటు దొరికింది. "ఒకలు చెప్పమంటిరి, ఒకలు రాస్తిరి, ఒకలు తెల్సి ఊకుంటిరి. అందరు గలిసి నన్ను సముద్రం ఒడ్డున కూసోబెట్టిండ్రు. చెయ్యి పోతె మొగడు పోయినట్టా? నన్నొక మాట అడిగిండ్రా ఎవలన్న?"

సాంబయ్య లేచి, తమ్ముడి మగ్గం మీది దుప్పటి ఎత్తి, అడుగున దాచిన కార్డు ఒకటి తీశాడు. అక్షరాలు ఒకటి పెద్దది, ఒకటి చిన్నది, వరస తప్పి కిందికి జారిపోతున్నాయి. "గిదొక్కటే వాడు రాసింది. ఎడమచేత్తోని. నిన్న వచ్చింది. మీ బాపు శుక్రారం వస్తుండని నేను రాస్తె, దానికి జవాబు."

"సదువు."

"'అన్నా, సంగతి తెలిసింది. సంబంధం మంచిదే అంటివి, నర్మదను పోనియ్యి. అడ్డం పడకు. నేను ఇంక ఈ దిక్కు ఉండ. శుక్రారం మాపటి రైలుకు ఈ ఊరు ఇడిచిపోత. ఏడికి పోయేది నీకు గూడ చెప్ప. చెప్తె నువ్వు దగ్గర చేస్తవ్.'" సాంబయ్య తల్లి వైపు తిరిగి చివరి ముక్క చదివాడు. "'అవ్వ తిన్నదా?'"

దేవవ్వ కొంగు నోట్లో కుక్కుకుంది.

శుక్రవారం అంటే రేపు. నర్మద వాకిట్లోకి చూసింది. ఎండ ఇంకా గడప దాకా రాలేదు. "కామారెడ్డి బస్సు ఎప్పుడు బావా?"

"పన్నెండు దాటినంక. ఆడికెల్లి నిర్మల్ పోతె పొద్దుమూకుతది. ఆడ మన కులపోళ్ళ ఇండ్లున్నయి. తెల్లారి బస్సెక్కితె పొద్దెక్కేసరికి ఆదిలాబాద్. నేనొస్త ఎంట."

"నువ్వొస్తె రేపు పెద్దమనుషుల ముంగట ఎవలు కూసుంటరు? మా బాపుకు ఎవలు జవాబు చెప్తరు?"

"ఏమని చెప్పాలె?"

"నన్నడుగుతున్నవా? పదకొండు ఉత్తరాలు రాసినోనివి, గా మాత్రం చెప్పలేవా?" అంది నర్మద. అంటూ ఏడ్చేసింది, ఏడుస్తూనే నవ్వింది.

దేవవ్వ తడుముకుంటూ పొయ్యి దగ్గరికి పోయి, నాలుగు జొన్నరొట్టెలూ పచ్చిమిరపకాయ కారమూ గుడ్డలో కట్టి కోడలి చేతిలో పెట్టింది. "ఎడమచేత్తోని రొట్టె తుంచుకుంటుండో లేదో. నువ్వు తుంచి పెట్టు."

బస్‌స్టాండుకు పోతూ నర్మద కొంగుముడిలోని పోగును వేళ్ళతో తడుముకుంది. ఆ బంతి మీద సిరిసిల్ల నుంచి ఆదిలాబాద్‌కు కొలవాలంటే పోగు అవసరమే లేదు. ముడి వేస్తే ఆ ముడి కిందనే రెండూ పడిపోతాయి. అంత దగ్గర ఉండి రెండేళ్ళు! రేపు మాపటి లోగా పోకపోతే మాత్రం ఏ గ్లోబు మీదా దొరకడు. కళ్ళు తుడుచుకుని అడుగు వేగం చేసింది.

కామారెడ్డి బస్సు ఇంజను మోగుతూ ఉంది. ఆమె మెట్టు మీద కాలు పెట్టింది. పక్కనే కరీంనగర్ బస్సు వచ్చి ఆగింది. అందులోంచి గొడుగు చంకన పెట్టుకుని దిగాడు అంతయ్య. రేపటి పంచాయతీకి ఈరోజే వచ్చేశాడు. చెన్నూరు నుంచి తెల్లవారుజామున బయలుదేరిన మనిషి ముఖం దుమ్ముకొట్టుకుపోయి ఉంది.

"నర్మదా! నువ్వేంది ఈడ? యాడికి బిడ్డా?"

ఆదిలాబాద్ అని చెబితే ఎందుకని అడుగుతాడు. చెయ్యి సంగతి తెలిస్తే ఇక్కడి నుంచే తనను వెనక్కి మళ్ళించి లక్షెట్టిపేట మాట ఖాయం చేస్తాడు. కొత్త అబద్ధం అల్లడానికి ఆమెకు ఆ క్షణాన నోరు రాలేదు. నోటికి వచ్చింది ఆ పాతదొక్కటే.

"నైరోబికి బాపు."

అంతయ్య బస్సు బోర్డు చూశాడు. బిడ్డ ఎర్రబడిన కళ్ళు చూశాడు. చేతిలో రొట్టెల మూట చూశాడు. "కామారెడ్డి మీదికెల్లి పోతదా నైరోబికి?"

"పోతది."

"ఎన్నొద్దులు పడ్తది?"

"రేపటికల్ల పోత."

అంతయ్య గొడుగు కిటికీలోంచి లోపలి సీటు మీదికి పడేసి, ఆమె వెనకే మెట్టెక్కాడు. "అయితే జర అటు జరుగు. నేను గూడ చూడలే నైరోబి. నా అల్లుడు గంత దగ్గర ఉన్నడంటే చూడకుంట ఎట్ల?"

బస్సు కదిలింది. నర్మద చేతిలో రొట్టెల మూట వెచ్చగా ఉంది. కండక్టర్ దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"యాడికి?"

"రెండు టికెట్లు," అన్నాడు అంతయ్య, బిడ్డ ముఖం మీంచి చూపు తిప్పకుండా. "యాడికో గామెను అడుగు."